ఆరినవాళ్ళు

ఇంద్రజ చచ్చిపోయి రెండేళ్ళయింది.

ఆ గురువారం పొద్దున ఆమె అంబత్తూరులో తను పనిచేసే వాల్వుల కంపెనీ క్యాంటీన్లో కూర్చుని, ఇడ్లీని సాంబారులో ముంచుకుంటూ ఉండగా ఫోను మోగింది.

"అక్కా, నేను ఆంటో. పక్కన ఎవురన్నా ఉండారా?"

ఆంటో తిరువొత్తియూరు కుర్రాడు. సొంత మినీ ట్రక్కు నడుపుతాడు. చెన్నైలో ఆ బండిని అందరూ 'కుట్టి యానై' అంటారు, పిల్ల ఏనుగని. మూలదీప సభ వాళ్ళు తయారుచేసే సాంబ్రాణి కప్పులను పారిస్ కార్నర్ హోల్‌సేల్ కొట్లకు చేర్చడం అతని పని. సభ ప్రహరీ లోపలికి అడుగుపెట్టగలిగే బయటి మనిషి అతనొక్కడే.

"ఎవురూ లేరు. చెప్పు."

"మీ చెల్లెల్ని గదిలో పెట్టి తాళం ఏసేసినారక్కా. రేపు పూజ అయినాక కొండ మఠానికి పంపిస్తారంట. వ్యాను కూడా చెప్పేసినారు. నేను మూటలు ఎత్తతా ఉంటే కిటికీలో నించి పిలిచింది. 'అక్కకి చెప్పు, నేను పోను అని చెప్పు' అనింది. అంతలో ఎవురో వస్తే కిటికీ మూసేసింది."

ఇంద్రజ చేతిలో ఇడ్లీ సాంబారులోకి జారిపోయింది.

కొండ మఠం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. కంకణం కట్టి పంపిస్తారు. అక్కడ మౌనం. ఫోను ఉండదు, ఉత్తరం ఉండదు. సభలోనే పెరిగిన ఇంద్రజకు అక్కడికి ఎక్కినవాళ్ళు తెలుసు. దిగివచ్చినవాళ్ళు మాత్రం ఒక్కరూ తెలియదు.

"రేపు లోడు ఎప్పుడు ఎత్తాలి?" అని అడిగింది.

"పూజ టైములోనే రమ్మన్నారు."

"సరే. నేను చెప్పేదాకా ఎవురికీ ఏమీ చెప్పబాక."

చెయ్యి కడుక్కుని సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి సెలవు అడిగింది. ఎందుకన్నాడు. మా చెల్లెలికి బాగాలేదంది.

*

మూలదీప సభ తిరువొత్తియూరు దాటాక, సముద్రం వైపు, ఫ్యాక్టరీ గోడల మధ్య ఇంకో గోడలాగా ఉంటుంది. రోడ్డు మీద పోయేవాళ్ళు అదీ ఏదో గోడౌన్ అనుకుంటారు. లోపల ఉన్నవి తెలుగు కుటుంబాలు. ఒకప్పుడు కొట్లు పెట్టుకుని బతికినవాళ్ళు, లెక్కలు రాసినవాళ్ళు, అన్నీ అమ్మి సభకు రాసిచ్చి వచ్చి చేరారు. ఇంద్రజ తల్లి పుష్పవల్లి భర్త పోయాక అలా వచ్చిందే. అప్పటికి ఇంద్రజ నడక నేర్చుకుంటోంది. కార్తీక కడుపులో ఉంది.

సభలో ప్రతి మనిషికీ ఒక మట్టి ప్రమిద ఉంటుంది. దాని మీద సున్నంతో పేరు రాసి, పూజ హాల్లో మెట్ల మీద వరసగా పెడతారు. మనిషి లోపల ఉన్నంతకాలం అది వెలుగుతూ ఉండాలి. ఎవరైనా బయటికి వెళ్ళిపోతే వాళ్ళ ప్రమిదను ఆర్పి, నేలకేసి కొట్టి, ఇంటివాళ్ళు తలస్నానం చేస్తారు. ఆ మనిషి ఆరిపోయినట్టు. ఆరినవాళ్ళను చూడరాదు, పలకరించరాదు, తాకరాదు, వాళ్ళ మాట చెవిన పడనివ్వరాదు. తప్పినవాళ్ళ ప్రమిద ఆ క్షణమే ఆరిపోవాలి, ఎంతటివాళ్ళదైనా సరే. ప్రతి పూజలోనూ చివర ఆ మాట అందరూ కలిసి చెబుతారు. ఎంతటివాళ్ళదైనా సరే.

ఇంద్రజ వెళ్ళిపోయిన రోజున సభ పెద్ద వీరరాఘవులు, అందరూ పెద్దయ్య అని పిలిచే ఆయన, ఆమె ప్రమిదను తీసి పుష్పవల్లి చేతిలోనే పెట్టాడు. నీ బిడ్డ, నువ్వే పగలగొట్టాలన్నాడు. ఆమె పగలగొట్టింది.

పోయిన ఏడాది తేరడి వీధిలో ఇంద్రజకు తల్లి ఎదురైంది. సభకు నూలు వత్తులు కొనడానికి వచ్చినట్టుంది. ఇంద్రజ "అమ్మా" అంది. పుష్పవల్లి కళ్ళు ఆమె మీదుగా వెళ్ళి, ఆమె వెనకున్న అరటిపళ్ళ బండి మీద ఆగాయి. బండివాడితో బేరమాడి, పళ్ళు కొనుక్కుని వెళ్ళిపోయింది.

ఆ రోజు ఇంద్రజ ఒక నిర్ణయం తీసుకుంది. ఇంకొకసారి ఆ గోడ లోపలికి పోతే ఏడవడానికి మాత్రం పోకూడదని.

*

గిరి కోడంబాక్కంలో స్టూడియో బయట టీ తాగుతూ కనిపించాడు. అతను ఆరిపోయి మూడేళ్ళు. ఇప్పుడు షూటింగుల్లో లైట్‌మ్యాన్.

"ఏందే, ఫ్యాక్టరీ ఎగ్గొట్టినావా? సూర్యుడు పడమర పొడిచినాడా?"

"నువ్వు లైట్లు మోస్తా ఉండావు చూడు, అంతకంటేనా? ఆరిపోయినోడికి లైట్ల పని ఎవురిచ్చినార్రా?"

"పెద్దయ్యకి తెలిస్తే ఇంకోసారి ఆర్పేస్తాడు" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి గ్లాసు కింద పెట్టేశాడు. "ఏమైంది?"

చెప్పింది.

"పోలీసు స్టేషనుకి పోదాం పా."

"పోయిన నెల వచ్చినారు గదా పోలీసోళ్ళు, నేను కంప్లయింటు ఇచ్చినప్పుడు. ఏమైంది? ఎదురుగా పెద్దయ్య, చుట్టూరా పెద్దోళ్ళు. మధ్యలో అది. 'ఇష్టంగానే ఉండావా అమ్మా' అంటే 'ఉండాను' అనింది. పద్దెనిమిది నిండిన పిల్ల ఇష్టమని చెప్తే వాళ్ళు మాత్రం ఏం జేస్తారు? మళ్ళా పోయి, మళ్ళా రాయించి, వాళ్ళు వచ్చేలోపల వ్యాను కొండెక్కేస్తాది."

"మరి గోడ దూకాల్సిందే. నాకు ఆ వెనక పక్క తెలుసు. చీకటి పడినాక..."

"దూకితే?"

"దూకితే ఏముంది, గది తలుపు పగలగొట్టి..."

"నిన్ను నలుగురు పట్టుకుని కుమ్మేస్తారు. చీకట్లో ఎవురు ఎవుర్ని తాకినారో ఎవురికి తెలస్తాది? పొద్దున లేచి అందురూ తలస్నానం చేసి, ఏమీ జరగనట్టు కూచుంటారు." ఇంద్రజ ముందుకు వంగింది. "రేయ్, ఒకటి చెప్పు. మనం ఎవురు?"

"ఎవురంటే?"

"వాళ్ళ లెక్కలో."

"చచ్చినోళ్ళం."

"చచ్చినోళ్ళు గోడ దూకాల్సిన ఖర్మ ఏముందిరా? గేటులో నించి పోదాం. పట్టపగలు. పూజ జరిగేటప్పుడు, అందురూ హాల్లో ఉండేటప్పుడు. మనల్ని చూడకూడదు, తాకకూడదు, మాట వినకూడదు. ఒకరు తప్పితే పక్కనోళ్ళు చూస్తారు. ఎంతమంది ఎక్కువ ఉంటే మనకి అంత మంచిది."

గిరి కింద పెట్టిన గ్లాసు తీసి, మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. అంతలోనే నవ్వు ఆగిపోయింది.

"మనల్ని ముట్టుకోరు, సరే. దాన్ని? కార్తీక ప్రమిద ఇంకా వెలగతానే ఉంది గదా. దాన్ని పట్టుకోవడానికి వాళ్ళకి అడ్డమేముంది?"

ఇంద్రజ బ్యాగు భుజాన వేసుకుంది.

"ఆడికి పోయినాక చూసుకుందాం" అంది.

"ఇదేం ప్లానే తల్లీ!"

"వస్తావా రావా?"

"చచ్చినోడికి భయమేముంది" అని గిరి టీకొట్టు అతనికి డబ్బులిచ్చాడు.

*

శుక్రవారం ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఆంటో బండి సభ గేటు ముందు ఆగి హారను కొట్టింది. వెనక నడిచి వస్తున్నారు ఇంద్రజ, గిరి. దాక్కోలేదు. ఇంద్రజ కావాలనే ఎర్ర చుడీదారు వేసుకుంది. లోపల తెలుపు తప్ప వేరే రంగు ఉండదు.

ఆ ఇనప గేటు కిర్రుమనగానే ఆమె చేతులు వాటంతట అవే జోడించుకోబోయాయి. తన మీద తనకే ఒళ్ళు మండింది. చేతులు కిందికి దించి, దుపట్టా కొంగు గట్టిగా పట్టుకుంది.

గేటు తీసినవాడు కుప్పుసామి. ముసలాయన. ఇంద్రజ చిన్నప్పుడు ఆయన భుజాలెక్కి బాదం చెట్టు కాయలు కోసేది. ఆయన చూపు బండి మీద, ఆంటో మీద, రోడ్డు మీద పడింది. వాళ్ళిద్దరి మీద పడలేదు.

ఆయన కాళ్ళ దగ్గర పడుకున్న నల్లకుక్క మాత్రం గిరిని చూసి ఒక్క గెంతు గెంతింది. తోకతో పాటు నడుమంతా ఊపుతూ అతని మోకాళ్ళ మీద కాళ్ళు పెట్టేసింది.

"కర్రీ! నన్ను గుర్తుపట్టినావా నాయనా!" అన్నాడు గిరి.

కుప్పుసామి ఆకాశం వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఒసే కర్రీ, నీతో ఒక మాట చెప్తా విను. కిటికీ గదిలో ఇప్పుడెవురూ లేరు. ఆ పిల్లని హాల్లోకి తెచ్చి ముందు వరసలో కూచోబెట్టినారు. అటొకరు ఇటొకరు చెయ్యి పట్టుకోనుండారు. పాట అయిపోతానే కంకణం. నువ్వు ఆ పక్కకి పోయి మొరగబాక."

కుక్క గిరి చెయ్యి నాకుతోంది.

"కర్రీ, తాతకి చాలా థాంక్స్ అని చెప్పు" అంది ఇంద్రజ.

కుప్పుసామి మీసం ఒకసారి కదిలింది. "ఈ పొద్దు గాలి ఎక్కువుంది" అని గొణుక్కుంటూ పక్కకు తిరిగాడు.

ఆంటో కిటికీలోంచి తల బయట పెట్టాడు. "అక్కా, నన్నయితే వాళ్ళు బాగానే తాకతారు. నేను మూటలు ఎత్తుకోని, బండి తిప్పి పెట్టి రెడీగా ఉంటా. సీక్రం రా, తొందరగా!"

*

హాలు నిండా తెల్లబట్టలు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. ఎడమ గోడ పొడవునా మెట్లు, మెట్ల నిండా ప్రమిదలు. నూనె వాసన, సాంబ్రాణి పొగ. పైమెట్టు మీద అన్నిటికంటే పెద్ద ప్రమిద వీరరాఘవులుది. దాని కిందే ఆయన పీట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని పాట అందిస్తున్నాడు.

ఎర్ర చుడీదారు గుమ్మం దాటింది.

వెనక వరసలో పాట తడబడింది. తర్వాత దాని ముందు వరసలో. చూపులన్నీ ఒకదాని తర్వాత ఒకటి నేలకు దిగిపోయాయి. ఇంద్రజ నడుస్తుంటే దారిలో కూర్చున్నవాళ్ళు మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నారు, వరద నీళ్ళు వస్తున్నట్టు. ఒక్క చిన్నపిల్ల మాత్రం గిరి జీన్సు ప్యాంటు చూసి నోరు తెరిచింది. తల్లి దాని మొహాన్ని తన ఒళ్ళో దాచేసింది.

కార్తీక ముందు వరసలో ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. అటొక పెద్దావిడ, ఇటొక పెద్దావిడ, ఆమె మణికట్లు పట్టుకుని కూర్చున్నారు.

ఇంద్రజ ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది.

"కార్తీ, వచ్చినా."

కార్తీక తల ఎత్తలేదు. ఆరినవాళ్ళ మాట వినకూడదు. పద్దెనిమిదేళ్ళుగా చెవిలో పోసిన మాట అది.

వీరరాఘవులు కళ్ళు తెరిచాడు. ఇంద్రజ తలమీదుగా గుమ్మం వైపు చూశాడు. ఆ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"గాలి కొడుతోంది. దీపాలు ఆరిపోతాయి. తలుపులు మూయండి. గడియ పెట్టండి."

మగవాళ్ళలో ఇద్దరు లేచారు. పెద్ద తలుపులు దబ్బుమని మూసుకున్నాయి. అడ్డగడియ పడింది.

గిరి ఇంద్రజ చెవి దగ్గరికి వంగాడు. "అయిపాయ. ఇది నీ ప్లానులో ఉండిందా?"

"నోర్ముయ్యి" అని ఇంద్రజ చెల్లెలి భుజం పట్టుకుంది. "లెయ్ కార్తీ. పోదాం."

కార్తీక సగం లేచింది. పెద్దావిడలు ఆమెను కిందికి లాగారు. ఇంద్రజ పైకి లాగింది. వాళ్ళు ఇంద్రజను చూడటం లేదు, ఆమె ఉన్నట్టే తెలియదు, కానీ పిల్లను మాత్రం వదలడం లేదు. అటు ఇద్దరు, ఇటు ఒకరు, మధ్యలో కార్తీక. పాట మాత్రం కీచుగొంతులతో సాగుతూనే ఉంది.

"అత్తా, నన్ను చూడకపోతే పోయె. దాని చెయ్యి అన్నా చూడు, నీలం అయిపోతా ఉంది" అంది ఇంద్రజ కుడివైపు ఆవిడతో. ఆ ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. పట్టు బిగించింది.

"పిల్లకు ఒంట్లో బాగాలేదు" అన్నాడు వీరరాఘవులు అందరితో. "కంకణం లోపలి గదిలో కడదాం. తీసుకెళ్ళండి."

ఇంద్రజ లేచి నిలబడింది. ఇప్పుడు ఆమె గొంతు పాటకంటే పైకి లేచింది.

"పెద్దయ్యా, నాతో చెప్పండి ఆ మాట. నా మొహం చూసి చెప్పండి. నేను చచ్చినదాన్ని గదా, చచ్చినదాన్ని చూసి మీకెందుకు అంత చెమట పడతా ఉంది?"

వీరరాఘవులు పైపంచెతో నుదురు తుడుచుకున్నాడు. ఆమె వైపు చూడలేదు.

ఇంద్రజ అందరి వైపూ తిరిగింది. "ఈడ ఉండేవాళ్ళందరికీ చెప్తా ఉండా. బయట చీకటి లేదు. బయట బస్సులుండాయి, జీతముంది, జలుబు చేస్తే డాక్టరు ఉండాడు. నేను బతికే ఉండా. గిరి బతికే ఉండాడు. నిన్న బజ్జీ కూడా తిన్యాం."

మగవాళ్ళ వైపు నుంచి ఎవరో కుర్రాడు కిసుక్కుమన్నాడు. వెంటనే చెంప చెళ్ళుమన్న చప్పుడు.

కానీ పెద్దావిడలు అప్పటికే కార్తీకను లేపి నడిపిస్తున్నారు. లోపలి గదికి దారి దీపాల మెట్ల పక్కనుంచే. గిరి అడ్డం వెళ్ళి నిలబడ్డాడు. వాళ్ళు అతని చుట్టూ తిప్పుకుని వెళ్ళారు, స్తంభాన్ని తప్పించుకున్నట్టు. లోపలి గది తలుపు తెరుచుకుంది. దాని వెనక ఇంకో తలుపు, దాని వెనక వ్యాను. గిరి అడిగిన ప్రశ్నకు ఇంద్రజ దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మెట్ల దగ్గర కార్తీక ఆగిపోయింది.

ఆ పూజలో ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి.

"నా ప్రమిద యాడ?"

పెద్దావిడలు అర్థంకాక ఒకరినొకరు చూసుకున్నారు. కొండకు వెళ్ళేముందు పిల్ల దీపానికి దణ్ణం పెట్టుకుంటుంది కాబోలు అనుకున్నారు. ఎడమవైపు ఆవిడ గడ్డంతో చూపించింది. రెండో మెట్టు మీద, సున్నంతో 'కార్తీక' అని.

చేతులు రెండూ పట్టుకునే ఉన్నారు. కానీ నోరు ఎవరూ మూయలేదు.

కార్తీక వంగి, ఉఫ్‌మని ఊదేసింది.

సన్నటి పొగ పైకి లేచింది. పాట ఆగిపోయింది. దీపాన్ని నోటితో ఊదడం ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. పసిపిల్లలు ఊదబోతేనే మూతిమీద కొట్టేవాళ్ళు. పెద్దావిడలు ఇద్దరూ కాలినట్టుగా చేతులు వెనక్కి లాక్కున్నారు. ఒకావిడ తన చెయ్యిని చీరకేసి తుడుచుకుంది.

"వెలిగించండి!" వీరరాఘవులు లేచి నిలబడ్డాడు. "మళ్ళీ వెలిగించండి! అది లెక్కలోకి రాదు. ఆర్పాల్సింది సభ. ఎవరంతట వాళ్ళు ఆర్పుకోవడానికి వీల్లేదు!"

ఎవరో అగ్గిపెట్టె కోసం వెతుకుతున్నారు. కార్తీక వాళ్ళ కంటే ముందే ప్రమిదను చేతిలోకి తీసుకుంది. వేడి నూనె మణికట్టు మీదికి ఒలికింది. అబ్బా అని కూడా అనలేదు. తలమీదికి ఎత్తి నేలకేసి కొట్టింది.

పెంకులు నాలుగువైపులా ఎగిరాయి.

"ఇప్పుడు వెలిగించుకోండి" అంది. "నేను ఆరిపోయినా. నన్ను ఎవురు పట్టుకుంటారో పట్టుకోండి చూద్దాం."

ఒక్కరూ కదల్లేదు. కార్తీక చుట్టూ జాగా ఖాళీ అయిపోయింది. ఇంద్రజ ఒక్క అంగలో వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. జవాబు దొరికింది. అది తన దగ్గర లేదు, ఎప్పుడూ చెల్లెలి నోట్లోనే ఉంది.

ముగ్గురూ తలుపు వైపు తిరిగారు.

"ఏయ్! ఎక్కడికే పోతావు? ఆగు!"

మెట్ల మీదనుంచి దూకినంత వేగంగా వచ్చి వీరరాఘవులు కార్తీక జబ్బ పట్టుకుని గుంజాడు. "నిన్ను కన్నబిడ్డలా పెంచితే ఇదా చేసేది? చెప్పు! దీని మాట పట్టుకునేనా?" అంటూ వేలు ఇంద్రజ మొహం మీదికి చూపించాడు.

వంచుకున్న తలలు ఒక్కొక్కటే పైకి లేచాయి.

ఇంద్రజ ఆ వేలు వైపు చూసింది. తర్వాత ఆయన కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు రెండేళ్ళలో మొదటిసారి ఆమెను చూస్తున్నాయి.

"పెద్దయ్యా" అంది. "ఎవురితో మాట్లాడతా ఉండారు?"

ఆయన చెయ్యి ఇంకా కార్తీక జబ్బ మీదే ఉంది. దాన్ని ఆయన అప్పుడే చూసుకున్నాడు. వదిలేశాడు. ఆలస్యమైపోయింది. తలలు వంచుకున్నవాళ్ళంతా ఇప్పుడు తలలు ఎత్తి ఉన్నారు. వాళ్ళు చూస్తున్నది ఆరినవాళ్ళను కాదు, ఆయనను.

"నియమం పెట్టింది నేను" అన్నాడు. "అది నాకు వర్తించదు."

ఆడవాళ్ళ వరసలో ఒకరు లేచారు.

పుష్పవల్లి. సభలో అందరికంటే గట్టిగా నియమం పాటించే మనిషి. ఆమె తన కూతుళ్ళ వైపు చూడలేదు. వాళ్ళిద్దరూ లేనట్టే, వాళ్ళ పక్కనుంచే నడిచి, దీపాల మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది.

"పుష్పవల్లీ, ఏంటమ్మా? కూర్చో" అన్నాడు వీరరాఘవులు.

ఆమె కూర్చోలేదు. పైమెట్టు మీద ఆ పెద్ద ప్రమిద పక్కన నిలబడి తిరిగింది.

"నా పెద్ద బిడ్డ పోయిన పొద్దు దాని ప్రమిద నా చేతికిచ్చినారు" అంది. గట్టిగా అనలేదు. అయినా చివరి వరస దాకా వినిపించింది. "నాకు ఒద్దయ్యా, నా చేత్తో ఒద్దు అని మీ కాళ్ళు పట్టుకున్నా. నియమం నియమమే అన్నారు. ఎంతటివాళ్ళదైనా సరే అన్నారు. పగలగొట్టినా. తలస్నానం చేసినా. బజార్లో అది అమ్మా అంటే వినకుండా వచ్చేసినా. రోజూ ఈడ కూచోని ఆ మాట మీ ఎదురుగానే చెప్తా ఉండా. ఇప్పుడు మీరు వర్తించదంటారా?"

"దిగమ్మా కిందికి. నేను చెప్తున్నాను."

"ఎంతటివాళ్ళదైనా సరే" అంది పుష్పవల్లి.

అది ఆ హాల్లో ప్రతిరోజూ అందరూ కలిసి పలికే మాట. అలవాటుకొద్దీ పది ఇరవై గొంతులు ఆమెతో పాటే పలికేశాయి. పలికాక వాళ్ళే బెదిరిపోయారు.

పుష్పవల్లి వంగింది. కార్తీకలాగా నోటితో ఊదలేదు. పద్ధతిగా, వేలితో వత్తిని నూనెలోకి నెట్టింది.

పెద్ద దీపం ఆరిపోయింది.

"తలుపులు తీయొద్దు!" వీరరాఘవులు అరిచాడు. "ఎవరూ తీయొద్దు! ఆ పిల్లను పట్టుకోండి! వింటున్నారా? మిమ్మల్నే!"

తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత మెల్లగా ఇద్దరి చూపులూ నేలకు దిగాయి. ముందు వరసలో దిగాయి. వెనక వరసలో దిగాయి. ఆయన అరుస్తూనే ఉన్నాడు. ఎవరికీ ఏమీ వినపడటం లేదు.

"ఎట్టుంది పెద్దయ్యా?" అన్నాడు గిరి. "కొత్తలో కాస్త కష్టంగా ఉంటాది."

వెళ్ళి అడ్డగడియ తనే ఎత్తాడు. అతన్ని ఎవరూ చూడలేదు కాబట్టి ఎవరూ ఆపలేదు. తలుపులు రెండూ బార్లా తెరుచుకుని, ఎండ నేలమీద పొడుగ్గా పడింది.

గుమ్మం దగ్గర ఇంద్రజ ఆగింది. "అమ్మా. నువ్వూ రా."

పుష్పవల్లి మెట్లు దిగుతోంది. కూతుళ్ళకు దగ్గరగా వచ్చి, వాళ్ళ పక్కనున్న స్తంభం ముందు నిలబడింది. స్తంభంతో మాట్లాడింది.

"బయట ఎండ కాల్చేస్తా ఉంది. చెప్పుల్లేకుండా పోతే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. నా చెప్పులు గేటు పక్కన ఉండాయి."

"అమ్మా..." కార్తీక చెయ్యి చాపింది.

పుష్పవల్లి వెనక్కి తిరిగి, నూనె చెంబు తీసుకుని, దీపాల మెట్ల వైపు వెళ్ళిపోయింది.

*

తల్లి చెప్పులు కార్తీక పాదాలకు పెద్దవయ్యాయి. టపటపలాడించుకుంటూనే పరుగెత్తి బండి వెనక ఎక్కింది. కాలిన మణికట్టు మీద గిరి నీళ్ళ సీసా వంపాడు.

"బగబగలాడతా ఉందా?"

"ఆఁ" అంది కార్తీక. ఇంకాస్త సేపు చూసుకుని, "ఊదేటప్పుడు మీసాలొస్తాయేమో అనుకున్నా. చిన్నప్పుడు అమ్మ అట్లా చెప్పి భయపెట్టేది" అంది.

ఇంద్రజకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉంటే కళ్ళు మండాయి. తుడుచుకోలేదు.

ఆంటో ఇంజను స్టార్ట్ చేశాడు. "పోదామా అక్కా?"

"పా."

బండి కదలబోతుండగా హాల్లోంచి ఒక చప్పుడు వచ్చింది. మట్టి పాత్ర నేలకేసి కొడితే వచ్చే చప్పుడు.

"ఆగు!" అంది ఇంద్రజ.

ఇంకొకటి పగిలింది. మళ్ళీ ఒకటి. లోపలెవరో పెద్దగా ఏడుస్తున్నారు, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు.

కుప్పుసామి గేటు రెక్కను బార్లా తోశాడు. ఒక రాయి దొర్లించుకొచ్చి దానికి అడ్డం పెట్టాడు.

"ఈ గేటు ఎప్పుట్నించో సరింగా పడటంలా కర్రీ" అన్నాడు కుక్కతో. "తెరుచుకోనే ఉండనీలే."

హాలు గుమ్మంలోంచి తెల్లచొక్కా కుర్రాడొకడు బయటికి దూకాడు. ఇందాక నవ్వి చెంపదెబ్బ తిన్నవాడే. చెంప మీద వేళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. చెప్పుల్లేవు. కాలే ఇసకలో గెంతుకుంటూ బండి వైపు పరుగెత్తుకొస్తున్నాడు. వాడి వెనక ఇద్దరు అమ్మాయిలు చేతులు పట్టుకుని వస్తున్నారు. ఆ వెనక గుమ్మంలో ఇంకెవరో తటపటాయిస్తూ నిలబడ్డారు. ఇంత దూరం నుంచి అది ఎవరో తెలియడం లేదు.

ఆంటో అద్దంలో చూశాడు.

"అక్కా, ఇది కుట్టి యానైదాన్. పెద్ద ఏనుగు కాదు. ఇంకెంతమందిని ఎక్కిస్తారు?"

"వచ్చినోళ్ళందరినీ" అంది ఇంద్రజ.

గిరి అప్పటికే సాంబ్రాణి మూటలను ఒక్కొక్కటే కిందికి విసిరేస్తున్నాడు.